నాన్నగారి కారు అమ్మిన వైనం

క్రిందటి ఉగాది సంచికకే ఏదైనా వ్రాసి ఇవ్వమని మన సంపాదకులు అడిగారు. "వైద్యం సంగతులు మాత్రం వద్దండీ, రక్తపోటు మీద ఇప్పటికే నాలుగు వ్యాసాలు వేశాం" అని ముందుగానే హెచ్చరించారు కూడా. అందుకని ఈసారి కారు గురించి వ్రాస్తున్నాం. మేము, మేము అంటుంటే ఇదేదో రాజావారి శాసనంలా ఉందనుకోకండి. ఈ కారు విషయంలో ఒక్కళ్ళం చేసిన పని ఏదీ లేదు. సగం మా ఆవిడ చేసింది, మిగతా సగం నరసరావుపేట నుంచి ఫోనులో మా అమ్మ చేయించింది. ఉత్తరకుమారుడి లాగా మాటలు మాత్రం మావి.

అల్ఫారెట్టాలో మా ఇంటి గరాజులో రెండు కార్లు పడతాయి. అందులో ఒక చోటు ఆరేళ్ళపాటు 1970 నాటి షెవ్రొలే నోవాది. ముదురు నీలం రంగు. వీధిలోంచి చూస్తే పాత కారు, అంతే. దగ్గరికొచ్చి తలుపు తీస్తే వెనక సీటు లేదు, రేడియో లేదు, ఏసీ లేదు. లోపలంతా ఇనుప గొట్టాల పంజరం. వెనక చక్రాలకి గాడులు లేని, వెడల్పాటి, నున్నటి టైర్లు. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. ప్రమాదం జరిగితే బయటివాళ్ళు దాన్ని ఆపడానికి వెనక బంపరు పక్కన ఒక మీట. నంబరు ప్లేటు లేదు. ఆ కారులో కూరల కొట్టుకి వెళ్ళడానికి లేదు, గుడికి వెళ్ళడానికి లేదు. మా నాన్నగారు 2022 నవంబరులో పోయినప్పుడు మాకు మిగిల్చిన వాటిలో బ్యాంకు కాగితాలు ఒక అట్టపెట్టెలో పట్టాయి. పెట్టెలో పట్టనిది ఈ కారు ఒక్కటే.

ఇది డ్రాగ్ రేసు కారు. మనవాళ్ళలో చాలామంది కార్ల పందెమంటే గుండ్రటి బాట మీద గంటల తరబడి తిరిగేదే అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. ఇందులో తిరగడం లేదు. తిన్నటి బాట, ఇద్దరు మనుషులు, రెండు కార్లు. దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు. మధ్యలో ఒక స్తంభానికి రంగు దీపాలుంటాయి. పచ్చదీపం వెలిగితే వెళ్ళాలి. మా నాన్నగారి కారుకి ఆ దూరం దాటడానికి పదకొండు సెకన్లు చిల్లర పట్టేది. పదకొండు సెకన్ల కోసం వారమంతా బోల్టులు విప్పి బిగించడం ఏమిటని మేము వెనక చాలాసార్లు ఈసడించుకున్నాం.

అసలు కిటుకు మాకు ఆయన పోయాకనే సరిగ్గా తెలిసింది. ఆయన ఆడే రకాన్ని బ్రాకెట్ రేసింగు అంటారు. అందులో అందరికన్నా వేగంగా పోయినవాడు గెలవడు. తన కారు ఎంతసేపట్లో దాటుతుందో ప్రతివాడూ ముందే చెప్పి, బూట్లకి వేసే తెల్ల పాలిష్‌తో అద్దం మీద వ్రాసుకోవాలి. 11.40 అని ఒకడు, 13.10 అని ఒకడు వ్రాసుకుంటే, నెమ్మది కారువాడికి ఆ తేడా అంతా ముందుగా వదిలిపెడతారు. ఇద్దరూ తాము చెప్పినట్టే పోతే గీత దగ్గర సమానంగా రావాలి. చెప్పినదానికన్నా తొందరగా వెళ్ళావా, ఓడిపోయినట్టే. దీపానికి ముందే కదిలావా, అప్పుడూ ఓడిపోయినట్టే. అంటే ఇది తన యంత్రం తనకెంత తెలుసోనన్న పరీక్ష. ఆ రోజు ఎండెంత, గాలిలో తేమెంత, బారోమీటరు ఎంత చూపిస్తోంది, ఇవన్నీ లెక్క కట్టాలి. గాలి పలచబడితే ఇంజనుకి ఊపిరి తగ్గుతుంది. కొండెక్కిన ఆయాసం రోగిని చూసే మాకు ఈ సంగతి చప్పున అర్థం కావలసింది, కాలేదు.

అల్ఫారెట్టాలో ఉండేవాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. మనం రోజూ విసుక్కుంటూ నడిపే మెయిన్ స్ట్రీటు తొమ్మిదో నంబరు రహదారి కదా, ఉత్తరాన డాసన్‌విల్ కొండల్లో మొక్కజొన్న సారా కాచి, రాత్రివేళ అట్లాంటాకి చేరవేసినవాళ్ళ దారి అది. పైకి మామూలు ఫోర్డు కారు, లోపల బలిసిన ఇంజను, వెనక సీటు తీసేసి సరుకు. పోలీసు వెంటపడితే దీపాలు ఆర్పేసి మలుపులు తిరిగేవాళ్ళట. ఆ కుర్రాళ్ళే ఆదివారాలు మట్టి బాటల మీద పందేలు వేసుకుంటూ స్టాక్ కార్ల రేసులకి పేరు తెచ్చారు. వాళ్ళలో లాయిడ్ సే అనే 21 ఏళ్ళ కుర్రవాడు 1941 సెప్టెంబరు 1న అట్లాంటాలోని లేక్‌వుడ్ మైదానంలో గెలిచాడు. మర్నాడు సారా కాచేందుకు తెచ్చిన పంచదార బాకీ దగ్గర తగాదా వచ్చి, దాయాది తుపాకితో కాల్చి చంపాడు. డాసన్‌విల్‌లో అతని సమాధి రాతి మీద ఫోర్డు కారు చెక్కి ఉంది, కిటికీలో అతని ఫొటో పొదిగారు. నాన్నగారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. పంచదార కోసం దాయాది చంపడమనే కథ పల్నాడు మనిషికి విడమర్చి చెప్పక్కర్లేదు కాబోలు, ఆయన ఆ రాతి ముందు చాలాసేపు నిలబడ్డారు.

ఈ దేశం మొత్తానికి డ్రాగ్ పందేలకి ఒక పద్ధతి పెట్టిన సంఘం 1951లో కాలిఫోర్నియాలో పుట్టింది. వీధుల్లో పందేలు వేసి చచ్చే కుర్రాళ్ళని, యుద్ధం అయిపోయాక ఖాళీగా పడున్న విమానాల రన్‌వేల మీదికి మళ్ళించారు. ఆ మాట చదివినప్పుడే మాకు షోలవరం గుర్తొచ్చింది. మద్రాసు పక్కన షోలవరం కూడా యుద్ధకాలపు రన్‌వేనే. నాన్నగారు వరంగల్ ఆర్.ఇ.సి.లో మెకానికల్ ఇంజనీరింగు చదివి, 1980లో అంబత్తూరు పారిశ్రామికవాడలో మొదటి ఉద్యోగంలో చేరారు. ఆ ఫిబ్రవరుల్లో సైకిలు మీద షోలవరం వెళ్ళి రేసులు చూసేవారట. చూడడమే. అప్పటి ఆయన జీతానికి అక్కడి కార్ల టైరు కూడా రాదు.

కానీ ఆయనకి ఈ పిచ్చి షోలవరంలో అంటుకున్నది కాదని మా అమ్మ వాదన. అది వంశంలోనే ఉందంటుంది. మా తాతయ్యకి బండలాగుడు ఎడ్లుండేవి. ఒంగోలు జాతి జత. ఈ కాలం పిల్లల కోసం చెబుతున్నాం: పెద్ద రాతిబండకి ఎడ్లని కట్టి, కొలిచి గీతలు వేసిన బాట మీద ఇటూ అటూ లాగిస్తారు. ఇన్ని నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు. ఎడ్ల పళ్ళని బట్టి తరగతులు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఇలా. తిరునాళ్ళకీ సంక్రాంతికీ పల్నాడులో ఇప్పటికీ జరుగుతున్నాయి. గెలిచిన జతకి వచ్చే బహుమతి ఆ ఏడాది వాటికి పెట్టిన ఉలవల ఖర్చుకి కూడా చాలదు. అయినా పెంచుతారు. తాతయ్య ఆ జతని 1975లో అమ్మాడు. కొడుక్కి వరంగల్‌లో సీటొచ్చిన సంవత్సరం అది. కొన్నవాళ్ళు తోలుకుపోతుంటే మెడలో పలుపులు విప్పేసి తన దగ్గర ఉంచుకున్నాడట. పశువుని అమ్మినా పలుపు అమ్మకూడదని తాతయ్యకి పట్టింపు. ఆ తరవాత రెండేళ్ళు ఆ ఎడ్లు ఎక్కడ పందేనికొస్తే అక్కడికి బస్సెక్కి వెళ్ళి, జనంలో వెనక నిలబడి చూసి వచ్చేవాడు. పలకరించేవాడు కాదు.

ఇక మా ఫిర్యాదు చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

నాన్నగారు 1997లో అమెరికా వచ్చారు. అప్పటికి మాకు పదేళ్ళు, మా అక్కకి పదమూడు. "ఆరు నెలల్లో మిమ్మల్ని తీసుకెళ్తాను" అన్నారు. ఆ ఆరు నెలలు పదిహేనేళ్ళయ్యాయి. మేము 2012లో మా ఎం.బి.బి.ఎస్. పట్టా పట్టుకుని, మా పరీక్షలు మేము రాసుకుని, మా దారిన ఒహాయోలో రెసిడెన్సీకి వచ్చాం. మధ్యలో ఆయన రెండేళ్ళకోసారి వచ్చి మూడు వారాలుండి వెళ్ళేవారు. మిగతాదంతా ఆదివారం పొద్దున ఏడింటికి వచ్చే ఫోను. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదిన్నరన్నమాట. ఫోనులో వెనకాల పెద్ద హోరు వినిపించేది. ఏమిటని అక్క అడిగితే "ఇక్కడ గాలివాన" అనేవారు. అమెరికాలో ప్రతి శనివారం గాలివాన వస్తుందని మేము బడిలో కూడా చెప్పాం.

ఆ గాలివాన అసలు రూపం 2013లో మొదటిసారి జార్జియా వచ్చినప్పుడు చూశాం. పేరుకి అట్లాంటా డ్రాగ్‌వే గానీ, ఉన్నది ఎనభై అయిదో హైవే మీద కామర్స్ ఊళ్ళో. 1975లో కట్టారు. గుడి చూపిస్తారనుకుంటే నాన్నగారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి, చేతిలో దూది పెట్టి చెవుల్లో పెట్టుకోమన్నారు. టైర్లు తడిపి, ఒకచోటే తిప్పి పొగలు పుట్టించి, ఈ నోవాని గీత దగ్గరకి తెచ్చారు. శిరస్త్రాణంలోంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. నిజం చెప్పొద్దూ, మాకు గర్వం కలగలేదు. ఒళ్ళు మండింది. మేము లెక్కల హోంవర్కు ఎవరు చూస్తారా అని ఎదురు చూసిన శనివారాలన్నీ ఇక్కడున్నాయా అనిపించింది. ఆ రోజు ఆయన మూడు రౌండ్లు గెలిచి నాలుగోదానిలో ఓడారు. తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్కరే మాట్లాడారు.

రిటైరయ్యాక 2019లో మా దగ్గరకి వచ్చేశారు, కారుతో సహా. గరాజులో చోటు ఎవరిదన్న చర్చ లేవకముందే మా ఆవిడ తన కారు తీసి బయట పెట్టేసింది. అల్ఫారెట్టాలో మార్చి నెలలో కారు బయట పెట్టడమంటే ఏమిటో మీకు తెలుసు: పైన్ చెట్ల పుప్పొడి పసుపుతో తెల్లారేసరికి పెళ్ళికూతురై కూర్చుంటుంది. ఆమె ఒక్కసారి కూడా అనలేదు. మేము మాత్రం అన్నాం, చాలాసార్లు అన్నాం. 2021లో అట్లాంటా డ్రాగ్‌వే మూసేశారు. ఆఖరి జాతీయ పందేలకి టిక్కెట్లు తెప్పించుకుని, మమ్మల్నీ రమ్మన్నారు. ఆస్పత్రిలో కోవిడ్ డ్యూటీలు ఉన్నాయన్నాం. ఉన్న మాట నిజమే. మార్చుకోవచ్చునన్నదీ నిజమే. ఆయన మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళొచ్చారు.

పోయాక రెండేళ్ళు దాన్ని ముట్టుకోలేదు. పెట్రోలు పాతబడి వాసన రావడం మొదలుపెట్టింది. బెల్టుల మీద తేదీ ముద్ర ఉంటుంది, రెండేళ్ళు దాటితే పందేనికి పనికిరావు. మందుసీసా మీద గడువు లాగా. ఆ తేదీ దాటిపోయింది. క్రిందటి సంవత్సరం అమ్మేద్దామని నిశ్చయించాం. వారసత్వపు అఫిడవిట్టు, అమ్మకం రశీదు వగైరాల వివరాలతో మిమ్మల్ని విసిగించం, అవి రెండు మధ్యాహ్నాల పని.

మొదట వచ్చినాయన పాత కార్ల వ్యాపారి. చుట్టూ తిరిగి, కిందకి దూరి చూసి, తొమ్మిది వేలన్నాడు. ఏం చేస్తారని అడిగితే, ఇంజను ఒకరికి, రెండే గేర్లున్న ఆ పవర్‌గ్లైడ్ గేర్‌బాక్సు ఒకరికి, పెంకు ఒకరికి అన్నాడు. విడివిడిగానే లాభమట. ఆ మాట మాకు శవపరీక్ష గదిలో విన్నట్టనిపించింది. ఆలోచించి చెబుతామని పంపేశాం. రెండో ఆయన కుర్రవాడు, మన భాషవాడే, పెద్ద ఉద్యోగం. దీని పంజరం పీకేసి, తోలు సీట్లు వేసి, ఏసీ పెట్టించి ఆదివారాలు కార్ల ముచ్చట్లకి తీసుకెళ్తానన్నాడు. పదహారు వేలిస్తానన్నాడు. మేము దాదాపు ఒప్పేసుకున్నాం. ఆ రాత్రి అమ్మకి ఫోను చేసి చెప్పాం.

"ఆ కారుకి తగలేసిన డబ్బుతో నరసరావుపేటలో రెండు ఇళ్ళు వచ్చేవి" అని ఎప్పటిలాగే మొదలుపెట్టింది. తరవాత కాసేపాగి, "ఏసీ పెడతాడా దానికి? వద్దురా నాన్నా. పరిగెత్తించేవాడికే ఇవ్వు" అంది.

"నీకెందుకమ్మా, నువ్వు ఎన్నడైనా చూశావా?"

"2003లో నేను మూడు నెలలున్నాను కదరా అక్కడ. ప్రతి శనివారం వెళ్ళాను. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేదాన్ని. పులిహోర తీసుకెళ్తే ఆ పక్క బండీ వాళ్ళంతా తినేవాళ్ళు."

ఇది మాకు కొత్త. "మరి ఉండిపోలేదేం?" అని అడిగాం. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చాక అడిగాం చూడండి, ఇరవై ఏళ్ళ క్రితం అడగవలసిన ప్రశ్న.

"ఆయన ఉండమనే అన్నారు. టిక్కెట్టు కూడా మార్చారు. నేనే వచ్చేశాను. మీ తాతయ్య మంచాన ఉన్నాడు. నా బడి ఉద్యోగం పింఛనుకి ఇంకా ఎనిమిదేళ్ళుంది. నువ్వు ఇంటరు, అక్కకి సంబంధాలు. ఆయన్ని వచ్చేయమంటే మీ చదువులకి డబ్బెక్కడిది? ఇద్దరం కూర్చునే అనుకున్నాం రా. పిల్లలకి చెప్పేదేముందిలే అని చెప్పలేదు."

మేము మాట్లాడలేదు. "అన్నం తిన్నారా?" అని అడిగి అమ్మ ఫోను పెట్టేసింది. కుర్రవాడికి మర్నాడు పొద్దున క్షమించమని చెప్పాం.

మూడో ఆయన డాసన్‌విల్ నుంచి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, మోకాలి ఆపరేషను అయిన నడక, వెంట ఇరవై ఏళ్ళ మనవరాలు. నడిపేది ఆ పిల్లేనట. కామర్స్‌లో నాన్నగారిని చూసినవాడే. "మీ నాన్నతో ఆడితే చికాకు, డాక్. ఆయన అద్దం మీద ఏం వ్రాస్తే అదే వెళ్ళేవాడు" అన్నాడు. పద్నాలుగు వేలకి బేరం కుదిరింది. చేతులు కలిపాక అడిగాడు: "పుస్తకాలున్నాయి కదా? అవి కూడా కారుతోనే ఇస్తారా? ఇంజను ఇంకోటి కొనుక్కోవచ్చు, ఆ పుస్తకాలు దొరకవు."

పుస్తకాలు మాకు తెలియవు. మా ఆవిడకి తెలుసు. టైర్ల వెనక బీరువాలో, రబ్బరు గుడ్డలో చుట్టి నాలుగు లాంగ్ నోటుబుక్కులు తెచ్చింది. 1999 నుంచి 2021 దాకా ఆయన వెళ్ళిన ప్రతి పరుగు. ప్రతి పరుగుకీ అక్కడ ఒక చీటీ అచ్చేసి ఇస్తారు: దీపం వెలిగాక ఎంతసేపటికి కదిలావు, అరవై అడుగులకి ఎంత, 330కి ఎంత, 660కి ఎంత, చివరకి ఎంత. ఆ చీటీలన్నీ అంటించారు. పాత చీటీల్లో చాలావాటి మీద అచ్చు ఎగిరిపోయి తెల్ల కాగితాలైపోయాయి. పక్కన ఆయన చేత్తో వ్రాసుకున్న అంకెలే మిగిలాయి. ఎండ, తేమ, బారోమీటరు, టైరులో గాలి. అంకెల కింద, రోజుకి ఒకటో రెండో వాక్యాలు, తెలుగులో.

పెద్దాయన ఆ తెలుగు అక్షరాలు చూసి "ఇది ఏం చెబుతోంది?" అని అడిగాడు. వేలు పెట్టిన చోట ఇలా ఉంది: "రాత్రి ఫోను చేశాను. పెద్దది మాట్లాడింది. చిన్నవాడు ఫోను దగ్గరకి రానన్నాడట." ఆ చిన్నవాడం మేమే. "కార్బురేటరు గురించి" అన్నాం. ఒక ముసలాయనకి అబద్ధం చెప్పి పుస్తకం మూశాం.

ఇవ్వకపోతే బేరం పోతుందేమోనన్న భయం లేదు, ఆయన మర్యాదస్తుడు. కానీ ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ కారు ఏ రోజు ఎలా నడుస్తుందో చెప్పేది ఆ పుస్తకమే. రోగిని వేరే డాక్టరుకి అప్పగిస్తూ కేసు షీటు దాచుకోవడం ఏం పద్ధతి? రెండు వారాలు గడువడిగాం. జిరాక్సు తీసి ఇస్తే తెలుగు కూడా పోతుంది. అది ఆయనకి అర్థం కాకపోవచ్చు, ఈ రోజుల్లో ఫోను చూపిస్తే చదివి పెడుతుంది. అందుకని అంకెలు మాత్రం కొత్త పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టాం. పిల్ల పడుకున్నాక భోజనాల బల్ల మీద, ఒకళ్ళం చదవడం, ఒకళ్ళం వ్రాయడం. రాత్రికి వంద పరుగులు. చదివే వంతు మా ఆవిడదైనప్పుడు తెలుగు వాక్యాలు కూడా పైకే చదివేసేది.

అన్నీ మా గురించి అనుకుంటారేమో, కాదు. చాలావరకు "ఆయిలు మార్చాలి", "ఎడమ టైరు అరిగింది", "పక్క బండి అతనికి జాకీ ఇచ్చాను, తిరిగివ్వలేదు" లాంటివే. ఆ జాకీ ప్రస్తావన ఆరు పేజీల తరవాత మళ్ళీ వస్తుంది, అప్పటికీ ఇవ్వలేదు. తాతయ్య పోయిన వారం అంకెలు లేవు, తేదీ ఒక్కటే ఉంది. 2003లో మూడు నెలలు వాక్యాలు అసలు లేవు. చెప్పుకోవడానికి మనిషి ఉంది కదా. 2004 వేసవిలో ఒక రోజు చీటీలో ఎర్రదీపం పడింది. సెకనులో వందో వంతు ముందు కదిలారు. మొదటి రౌండులోనే ఓటమి. కింద: "చిన్నవాడికి ఎంసెట్ ర్యాంకు వచ్చింది. గుంటూరులోనే సీటు. దీపం చూడలేదు." ఇరవై రెండేళ్ళలో ఆయనకి ఎర్రదీపాలు లేవని కాదు. లెక్కపెడితే ముప్ఫై ఒకటి. కారణం వ్రాసుకున్నది మాత్రం అక్కడే.

2013లో మేము వెళ్ళిన రోజు కూడా ఉంది. మా ఆవిడ అక్కడికొచ్చేసరికి ఆగి, పుస్తకం మా వైపు తిప్పింది. "కొడుకు చూశాడు. 11.42, 11.41, 11.42. కారు బాగా నడిచింది. వాడికి నచ్చలేదు. వాడి తప్పు లేదు." ఆ రాత్రి ఇంక వ్రాయలేదు. మర్నాడు ఆస్పత్రిలో ఒక ముసలి రోగి, కొడుకు ఫోను చేయడం లేదని చెబుతుంటే, మామూలుగా గడియారం చూసేవాళ్ళం, చూడలేదు. అంతకన్నా పెద్ద మార్పేదో మాలో వచ్చిందని చెప్పుకుంటే అది మళ్ళీ అబద్ధమవుతుంది.

పదకొండు రాత్రుల్లో పని అయింది. పెద్దాయన ట్రక్కూ ట్రైలరూ తెచ్చాడు. ట్రైలరు మీదకి తోసి ఎక్కించొచ్చు, కానీ ఆ పిల్ల ఇంజను వేసి చూస్తానంది. పాత పెట్రోలు తీసి కొత్తది పోశారు. రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంది. మా వీధిలో ఇళ్ళ సంఘం వారికి గడ్డి రెండంగుళాలు పెరిగినా ఉత్తరం పంపే అలవాటు. ఈ చప్పుడికి నాలుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. మా అమ్మాయి చెవులు మూసుకోలేదు. "తాతయ్య కారు" అని ఎదురింటివాళ్ళకి చెప్పింది. మేము ఫోనులో అమ్మకి ఆ చప్పుడు వినిపించాం. అక్కడ అప్పుడు రాత్రి పదకొండు. "గాలివాన" అంది అమ్మ.

కొత్త పుస్తకం ఆ పిల్ల చేతికిచ్చాం. పాతవి నాలుగూ ఉంచుకున్నాం. పెద్దాయన అడగలేదు, కారణం చెప్పబోతే వద్దన్నాడు. లోపల పంజరానికి కట్టి ఉన్న తోలుపట్టీ మాత్రం ఏమిటని అడిగాడు. మేము ఎన్నిసార్లు చూశామో, అదేదో బిగింపు కోసం అనుకున్నాం. విప్పి చేతిలోకి తీసుకుంటే అది తాడు, తోలు కాదు. నూనెకీ పొగకీ నల్లబడి గట్టిపడింది. ఫొటో తీసి పంపితే అమ్మ చూసి చెప్పింది, పలుపని. రెండుండాలి, రెండోది ఎక్కడో పోయిందట. దాన్నీ ఉంచుకున్నాం.

ఇది జరిగి నాలుగు నెలలైంది. మా ఆవిడ కారు లోపలికి వచ్చింది. నేల మీద నూనె మరక పోలేదు, మేమూ పెద్దగా ప్రయత్నించలేదు. పోయిన వారం కాల్హూన్ నుంచి ఒక కవరు వచ్చింది. అక్కడ పారడైజ్ అనే చిన్న డ్రాగ్ బాట ఉంది. అది పావు మైలు కాదు, అందులో సగం, 660 అడుగులే. లోపల చీటీ. అద్దం మీద ఆ పిల్ల వ్రాసుకున్నది 7.25, కారు వెళ్ళింది 7.26. గెలిచింది. వెనక పెద్దాయన చేతివ్రాత: "పుస్తకం 7.25 అంది. కొత్త బెల్టులు వేశాం."

అమ్మకి చెప్పాం. "కాల్హూన్ ఎంత దూరం మీకు?" అని అడిగింది. గంటంపావు అన్నాం. "మరి వెళ్ళి చూడొచ్చుగా. వచ్చే శనివారం డ్యూటీ ఉందా?" అంది. ఉంది. మార్చుకోవచ్చునేమో కనుక్కోవాలి.

నాలుగో పుస్తకంలో ఇంకా పదకొండు కాగితాలు ఖాళీగా ఉన్నాయి. చీటీ మొదటి కాగితం మీద అంటించి, పక్కన అంకెలు చేత్తో కూడా వ్రాశాం, అచ్చు ఎగిరిపోతుంది కనుక. ఎండ, తేమ, బారోమీటరు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. పెద్దాయన అవి వ్రాయలేదు. ఫోను చేసి అడగాలి.